రంగు చుక్కల బెల్టు

మొన్న ఆదివారం మా అన్నయ్య కూతురు భిలాయి రిసాలీలో మా ఇంటికొచ్చి, సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, బస్తర్ అడవులు చూడ్డానికి వెళ్తున్నాననీ, కొత్త కెమెరా కొన్నాననీ, ప్రయాణంలో దాన్ని తగిలించుకోడానికి ఏ బెల్టు కొనాలో తేల్చి చెప్పమనీ ఫోను నా ముక్కు దగ్గర పెట్టింది. నన్నడగడమేమిటని ఆశ్చర్యపోకండి. లోకంలో ఏ విషయం మీదైనా నాకో అభిప్రాయం ఉంటుందనీ, అడక్కపోయినా చెప్పి తీరుతాననీ మా ఇంటిల్లిపాదికీ తెలుసు కాబట్టి, ముందే అడిగేస్తే తర్వాత సగం గొడవ తగ్గుతుందని ఆ పిల్ల లెక్క. భిలాయిలో పుట్టి పెరిగింది కదా, తెలుగులో మొదలెట్టిన మాట మూడో అడుగుకి హిందీలోకి జారిపోతుంది. అత్తా అనవే అని చిన్నప్పట్నుంచీ పోరుతున్నా నన్ను బువా అనే పిలుస్తుంది.

“బువా, యే దేఖో. ఇది మెడకి, ఇది చేతి మణికట్టుకి, ఇదేమో క్విక్ రిలీజ్. టక్‌మని ఊడిపోతుంది.”

“టక్‌మని ఊడిపోయేదాన్ని కొనుక్కోవడమెందుకే? ఊరికే చేత్తో పట్టుకుని పారేసుకోలేవూ?”

“అరే బువా, దానంతటది కాదు, నేను తీస్తేనే ఊడుతుంది!”

నేను కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూసి తీర్పు చెప్పాను. సన్నగా ఉన్నవి మధ్యాహ్నానికల్లా మెడ కోసేస్తాయి, వద్దు. మెడలో వేలాడేది వంగినప్పుడల్లా ఊగి ఏ రాయికో కొట్టుకుంటుంది, అదీ వద్దు. భుజం మీంచి ఏటవాలుగా ఒంటికి అడ్డంగా రావాలి, భుజం మీద వెడల్పుగా మెత్తగా ఉండాలి, కెమెరా సరిగ్గా మోచేతి కింద కూర్చోవాలి, రద్దీలో మోచెయ్యి నొక్కితే చాలు అది నీ దగ్గరే ఉందని తెలియాలి. అన్నిటికంటే ముందు, బెల్టు అందం చూడకు, బెల్టు కెమెరాని పట్టుకునే చోటు చూడు. ఒక పట్టు వదిలేసినా రెండోది ఆపేలాగ ఉందా లేదా అది చూడు.

పిల్ల నోరు తెరుచుకుని చూసింది. కెమెరా అన్నది లేని మనిషివి, ఇదంతా నీకెలా తెలుసని అడిగింది. ఒకప్పుడు ఉండేదిలే అన్నాను. వెంటనే దాని మొహం వెలిగిపోయింది.

“ఓ, వహీ వాలా! తాతయ్య బెల్టు తెగి నదిలో పడిపోయిందే, అదేనా?”

అని పకపకా నవ్వింది. దాని తప్పేమీ లేదు. మా ఇంట్లో అందరూ నవ్వే కథే అది, వాళ్ళ నాన్న చెప్పే ఉంటాడు. కానీ నేను ఆడిన అబద్ధం నా కళ్ళ ముందే మూడో తరానికి చేరిపోయి, తాతని సరిగ్గా చూడను కూడా చూడని పిల్ల ఆయన పనితనాన్ని చూసి నవ్వుతుంటే, ఎప్పుడూ ఎదురుమాటకి తడుముకోని నేను ఆ రోజు కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాను. తల నొప్పిగా ఉందని చెప్పి దాన్ని పంపించేశాను.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మన చిన్నతనంలో కెమెరా అంటే ఇంట్లో వస్తువు కాదు, పెళ్ళిలో అద్దెకొచ్చే మనిషితో పాటు వచ్చే అతిథి. అటువంటిది సెక్టర్ 7లో మా క్వార్టర్లోకి ఒక కెమెరా వచ్చిందంటే అది రష్యావాళ్ళ చలవ. భిలాయి ఉక్కు ప్లాంటులో పని చేసిన రష్యన్ ఇంజనీరు ఒకాయన వాళ్ళ దేశం వెళ్ళిపోతూ సామాన్లు అమ్ముకుంటుంటే, అందరూ ఫ్రిజ్జులకీ దుప్పట్లకీ ఎగబడ్డారు, మా నాన్న ఆ కెమెరా తెచ్చుకున్నాడు. ఇనప ముద్దలాంటి కెమెరా. దాని తోలు పట్టీ ఎప్పుడో చివికిపోయింది. పండగకో ఫొటో, పుట్టినరోజుకో ఫొటో తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి బీరువాలో చీరల కింద పెట్టేవాడు.

నాన్న విజయనగరం దగ్గరి పల్లె నుంచి వచ్చి ప్లాంటులో ఖలాసీగా చేరి, తర్వాత రిగ్గరయ్యాడు. క్రేను నడిపేవాడు ఎక్కడో పైన గదిలో కూర్చుంటాడు. కింద నిలబడి బరువుకి తాళ్ళు చుట్టి, కొక్కేనికి తగిలించి, చెయ్యెత్తి సైగ చేసేవాడే రిగ్గరు. నాన్న ఏ బరువునైనా ముందు జానెడు లేపించి ఆపేవాడట, చుట్టూ తిరిగి ప్రతి ముడినీ చూసుకుని గానీ మళ్ళీ చెయ్యి ఎత్తేవాడు కాదట. అన్నం ముద్ద కూడా జానెడు లేపి కంచంలోకి చూసుకుని తింటాడని మా అమ్మ వెక్కిరించేది. తాళ్ళ గురించి ఆయనకి తెలియనిది లేదు. ఒకసారి మా అన్నయ్య బొంగరానికి కావాలని దండెం తాడు కోసేసి, తెగిపోయిందని చెప్పాడు. నాన్న ఆ కొస పట్టుకుని ఒక్కసారి చూసి, “తెగినదానికి పోసలు ఎగుడూ దిగుడూ ఉంటాయిరా బాబూ, ఇది కోసింది,” అని, వాడి చేతే ముడి వేయించాడు. మరోసారి ప్లాంటులో పక్క షాపులో, అంటే పక్క విభాగంలో, ఎవరో కట్టిన బరువు జారిందట, అదృష్టం బాగుండి కింద ఎవరూ లేరు. ఆ సాయంత్రం నాన్న వరండాలో కూర్చుని అదే ముడి వేస్తూ విప్పుతూ ఉండిపోయాడు. ఆ తర్వాత ఆ ముడి పరుపు చుట్టకి కూడా వేయలేదు. తప్పిన ముడి మళ్ళీ వేసీవోడు రిగ్గరు కాడు అనేవాడు.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా మా కాలేజీ అమ్మాయిల్ని జబల్‌పూర్ దగ్గరి భేడాఘాట్ తీసుకెళ్తామన్నారు, అక్కడ నర్మదానది పాలరాతి కొండల మధ్యనుంచి పోతుంది, పడవలో చూపిస్తారు. కెమెరా ఇస్తేనే వెళ్తానని పట్టుబట్టాను. అమ్మ ససేమిరా అంది. నేను మూడు రోజులు వాదించాను, నాలుగో రోజు అన్నం మానేశాను, ఐదో రోజు నాన్న ఒప్పుకున్నాడు. ఒకటే షరతు, బెల్టు తనే కుడతానన్నాడు.

ప్లాంటు సామాను గుండుసూది కూడా ఇంటికి తెచ్చే మనిషి కాదు కాబట్టి, ప్రయాణాల్లో పరుపు చుట్టుకునే మా పాత హోల్డాల్‌కి ఉన్న వెడల్పాటి గుడ్డ పట్టీ కోశాడు. నన్ను నిలబెట్టి దర్జీలా భుజం నుంచి మోచేతి దాకా కొలిచాడు, కూర్చోబెట్టి కొలిచాడు, వంగమని కొలిచాడు. భుజం మీద ఒరుసుకోకుండా అమ్మ పాత నేత చీర ముక్క నాలుగు మడతలు వేసి లోపల కుట్టాడు. కెమెరాకి తగిలించే కొసల దగ్గర ఒక్కో పక్కా నాలుగు వరసల కుట్టు, మైనం రాసిన దారంతో. అది చాలక ఒక్కో పక్కా ఇంకో చిన్న తాడు విడిగా.

“మళ్ళీ ఈ తోకలెందుకు నాన్నా?”

“తాడు మోసీదేటి తల్లీ, మోసీది ముడి. ఒక ముడి నిన్ను మోసం సేస్తే రెండోది ఉండాల.”

కుట్టడం అయ్యాక దాన్ని గుమ్మం మీది కొక్కేనికి తగిలించి, కింద రుబ్బురోలు పొత్రం వేలాడదీశాడు. ఒక పగలంతా అది మా గుమ్మంలో వేలాడింది. వచ్చినవాళ్ళందరూ వంగి లోపలికి వచ్చి, ఇదేమి మొక్కు అని అడిగారు. ఆ రోజు పప్పు రుబ్బుకోలేక అమ్మ పడ్డ కోపం ఇంకా నా చెవుల్లో ఉంది. “ఏటండీ ఇది, గుంటకి కెమెరా ఇస్తన్నారా, ఏనుగునిస్తన్నారా?” సాయంత్రం పొత్రం దింపి, ప్రతి కుట్టునీ వేలితో తడిమి, బెల్టు లోపలి పక్క అగ్గిపుల్లతో పసుపు రంగు చుక్క ఒకటి పెట్టాడు. ప్లాంటులో బరువులెత్తే తాళ్ళన్నిటినీ మూడు నెలలకోసారి పరీక్ష చేసి, పనికొస్తాయన్నవాటికి ఆ మూడు నెలలకి పైనుంచి చెప్పిన రంగు పూస్తారు. రంగు లేని తాడు ఎంత కొత్తదైనా ముట్టుకోకూడదు. చుక్క పెట్టడమంటే సంతకం పెట్టడమేననీ, చూడకుండా పెట్టినవాడు హంతకుడితో సమానమనీ నాన్న చెప్పేవాడు.

ఇంత ప్రేమగా కుట్టినదాన్ని నేనేం చేశానో వినండి. మొదటి రోజే రైల్లో స్నేహితురాళ్ళు దాన్ని లాగి చూసి, “యే క్యా హై, ట్రక్కు లేపడానికా?” అని నవ్వారు. నవ్వితే ఊరుకునేదాన్ని కాదు కదా, వాళ్ళ నోళ్ళు మూయించి ఉండాల్సింది. అలా చెయ్యలేదు సరికదా, మా నాన్నకి ప్రపంచమంతా క్రేనులాగే కనబడుతుంది, రేపు నా పెళ్ళికి కూడా పొత్రం వేలాడదీసి పెళ్ళికొడుకుని పరీక్ష చేస్తాడు అని వాళ్ళకంటే గట్టిగా నేనే నవ్వాను. నవ్వించడం నాకు చేతనైన విద్య, ఆ రోజు మా నాన్నని పెట్టి నవ్వించాను. జబల్‌పూర్‌లో దిగగానే గాజుల దుకాణంలో ఒక సన్నటి నల్ల తోలు బెల్టు కొన్నాను, కొసన వెండిలా మెరిసే బుల్లి కొక్కెం. నాన్న బెల్టు విప్పి సంచి అడుగున కుక్కి, ఇది తగిలించుకుని అద్దంలో చూసుకున్నాను. ఎంత బాగుందో.

పడవ ఎక్కిన కాసేపటికే, ఆ తెల్లటి కొండ నీడ నీళ్ళలో పడ్డచోట, ఫొటో తీద్దామని వంగాను. కొక్కెం తెగలేదు, విరగలేదు, ఊరికే తెరుచుకుంది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. పడవవాడు తెడ్డు ఆపి నీళ్ళలోకి చూసి, లోతు చాలా ఎక్కువ దీదీ అన్నాడు.

ఇంటికి వచ్చే రైల్లో నేను ఏడ్చింది కెమెరా కోసం కాదు, ఇంట్లో ఏం చెప్పాలా అని. నా మాట నెగ్గించుకుని తీసుకెళ్ళినదాన్ని, నా షోకు వల్ల పోయిందని ఒప్పుకోవడం నాకు చేతకాదు. తప్పు ఒప్పుకోవడం మా కాలేజీలో నేర్పలేదు, వాదించడం నేర్పారు. రైలు మరుగుదొడ్లో తలుపేసుకుని, నాన్న బెల్టు తీసి, ఒక పక్క నాలుగు వరసల కుట్టూ, తోక తాడూ బ్లేడుతో కోసేశాను. దండెం తాడు సంగతి నాకు గుర్తుంది. మా అన్నయ్యలా తెలివితక్కువదాన్ని కాదు కాబట్టి పిన్నీసుతో దారాల కొసలు ఒక్కొక్కటే పీకి ఎగుడుదిగుడు చేశాను.

ఇంటికొచ్చి, బెల్టు తెగి కెమెరా నదిలో పడిపోయిందని చెప్పగానే, నాన్న ఆ బెల్టు తీసుకుని వరండాలో వెలుతురుకి వెళ్ళాడు. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. అమ్మ నన్ను తిడుతూనే ఉంది. నేను, తెగిపోతే నన్నేం చెయ్యమంటావు, అంత గొప్పగా పొత్రం వేలాడదీశారుగా అని ఎదురు అరుస్తూనే ఉన్నాను. ఆ మాట కూడా అన్నాను, చూడండి. నాన్న లోపలికి వచ్చి బెల్టు మడతపెట్టి, “దాన్నేటీ అనకు. కుట్టు సరిగ్గా పడనట్టుంది. తప్పు నాదే,” అన్నాడు అమ్మతో. నా వైపు చూడలేదు. నువ్వు పడవలోంచి జారలేదు కదా తల్లీ, అంతే చాలు అని మాత్రం అన్నాడు.

గెలిచానని అనుకున్నాను.

అక్కడినుంచి అది మా చుట్టాలకి నవ్వులాట అయిపోయింది. మా మేనమామ రైల్వేలో పని చేసేవాడు, నాన్నంటే ఎంత ప్రాణమో అంత ఎగతాళి. వచ్చినప్పుడల్లా, “ఏటి బావా, వేల టన్నులు లేపినోడివి, కూతురి కెమెరా ఆపలేకపోయావేటి?” అనేవాడు. నాన్న కూడా నవ్వేసేవాడు. ఉల్లిపాయ ధర దగ్గర్నుంచి ఊరి రాజకీయం దాకా అందరి మాటా ఖండించే నేను, ఆ ఒక్క మాటనీ ఎన్నడూ ఖండించలేదు. చెప్పాలనుకున్న రోజులు లేకపోలేదు. ఇవాళ కాదు, పండగ వెళ్ళాక. ఇవాళ కాదు, నా పెళ్ళయ్యాక. తర్వాత అది పాతబడిపోయిన సంగతనీ, ఇప్పుడు కెలకడమెందుకనీ నాకు నేనే వాదించి నన్ను నేనే ఒప్పించుకున్నాను.

నాన్న రిటైరైన రోజు షాపులో వీడ్కోలు సభ చేశారు. నేను ముందు వరసలోనే కూర్చున్నాను. దండలు వేశాక రెండు మాటలు చెప్పమంటే ఆయన మైకు పట్టుకుని హిందీలో మొదలెట్టి, మనవాళ్ళే ఎక్కువున్నారని తెలుగులోకి దిగాడు. “ఇన్నేళ్ళలో నా సేత్తో కట్టిన బరువు ఒక్కటీ జారలేదు. ఒకే ఒక్కటి జారింది, అది మా అమ్మాయి కెమెరా.” అందరూ గొల్లున నవ్వి చప్పట్లు కొట్టారు. ఆయన నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వులో ఒక ఖాళీ ఉంది, ఒక మాట పట్టేంత ఖాళీ. నేను లేచి నిలబడి, కాదు, అదీ జారలేదు అంటే సరిపోయేది. నలుగురిలో మాట్లాడ్డానికి నేనెప్పుడు వెనకాడాను కనక? నేను కూడా చప్పట్లు కొట్టాను.

రిటైరయ్యాక రిసాలీలో ఇల్లు కట్టుకుని వచ్చేశారు. సాయంత్రాలు టీకొట్టు దగ్గర, డ్యూటీ దిగి వచ్చేవాళ్ళని ఆపి నాన్న ఒకటే ప్రశ్న అడిగేవాడు, ఈ పాలి తాళ్ళ రంగేటి అని. నాకు ఒళ్ళు మండేది. ప్లాంటు ఆయన్ని వదిలేసింది కానీ ఆయన ప్లాంటుని వదలడు అనుకునేదాన్ని. నీకింకా ఆ రంగులెందుకు నాన్నా, ఇంటి గోడలకి సున్నం వేయించి ఎన్నేళ్ళయింది, ముందు ఆ రంగు సంగతి చూడు అని అందరి ముందూ అనేశాను. “ఉండనీ తల్లీ, తెలిసుంటే మంచిది కదా,” అన్నాడు.

ఆయన పోయాక పనిముట్ల పెట్టె నా దగ్గరికి వచ్చింది. స్క్రూడ్రైవరు కోసం తప్ప నేనెప్పుడూ తెరవలేదు, తెరిచినా పై అర దాటి వెళ్ళలేదు. మొన్న ఆ పిల్ల నవ్వి వెళ్ళిపోయాక మొదటిసారి అడుగు దాకా తీశాను. పాత పంచె ముక్కలో చుట్టి ఉంది. హోల్డాల్ పట్టీ, అమ్మ చీర మెత్త, రెండు తోకలూ. నేను కోసిన పక్క మళ్ళీ కుట్టి ఉంది.

నాలుగు వరసలే. లెక్కపెట్టాను. అటుపక్క ఎలా ఉందో ఇటుపక్కా అలాగే ఉంది, అదే మైనపు దారం, అదే ఎడం, ఒక్క కుట్టు ఎక్కువ లేదు. కుట్టు తప్పిందని ఆయన నిజంగా నమ్మి ఉంటే ఎనిమిది వరసలు వేసేవాడు, లేదా కుట్టే విధమే మార్చేవాడు. తప్పిన ముడి మళ్ళీ వేసే మనిషి కాదు. తన కుట్టు తప్పలేదని ఆయనకి ఆ రోజే, ఆ వరండాలోనే తెలుసు. ఒక పక్క తెగితే రెండో పక్క కెమెరాని ఆపాలి కదా, అది నాకు తట్టలేదు గానీ ఆయనకి తట్టకుండా ఉంటుందా? తెలిసి, మా మేనమామ నవ్వినప్పుడు నవ్వాడు. తెలిసి, అంతమంది ముందు మైకులో తన పేరు మీద వేసుకున్నాడు.

తిరగేసి చూస్తే లోపలి పక్క పసుపు చుక్క. దాని పక్కన ఎర్ర చుక్క. నీలం, ఆకుపచ్చ, మళ్ళీ పసుపు, తెలుపు. ఆవగింజంత చుక్కలు వరసగా, ఒక వరస నిండాక కింద ఇంకో వరస, భుజం దాకా. మొదటి వరసల్లో తీర్చినట్టు గుండ్రంగా ఉన్నాయి, చివరికి వచ్చేసరికి చెయ్యి వణికి సాగిపోయాయి. కెమెరా లేని బెల్టుని మూడు నెలలకోసారి తీసి, తడిమి, ఇది ఇంకా మోస్తుంది అని సంతకం పెట్టుకుంటూ వచ్చాడు. టీకొట్టు దగ్గర అడిగిన రంగు దీనికోసం. నేను ఎప్పుడో ఒకరోజు వచ్చి అడుగుతాననుకున్నాడేమో, అప్పటికి అది సిద్ధంగా ఉండాలనుకున్నాడేమో, తెలియదు. అడగడానికి ఇప్పుడెవరున్నారు?

బుధవారం మా మేనకోడల్ని పిలిచి మొత్తం చెప్పాను, బ్లేడుతో సహా, పిన్నీసుతో సహా. అది ఫోను పక్కన పెట్టి విన్నది, అదే ఒక విశేషం.

“అంటే తాతయ్య బెల్టు తెగనే లేదా?”

“లేదు.”

“మరి తాతయ్యకి ఎప్పుడు చెప్పావు బువా?”

నేను బెల్టు మడత విప్పి దాని ఒళ్ళో పెట్టాను. “కభీ నహీ?” అని మెల్లిగా అడిగింది. బెల్టు భుజం మీంచి వేసుకుని అటూ ఇటూ నడిచి, మెత్తగా ఉంది, ఇదే వేసుకెళ్తానంది. పరీక్ష చెయ్యకుండా ఇవ్వనన్నాను. మా ఇంట్లో ఇప్పుడు పొత్రం ఎక్కడిది? గ్రైండరు వచ్చాక దాన్ని ఎవరికిచ్చామో కూడా గుర్తులేదు. గోధుమపిండి సంచి వేలాడదీశాము. సాయంత్రందాకా ఆగింది, కుట్టు కదల్లేదు. ఊరికి వెళ్ళే ముందు వాళ్ళ నాన్నకి ఈ కథ నేనే చెబుతాననీ, మేనమామ పిల్లలకి కూడా ఫోన్ చేసి చెబుతాననీ దానికి మాటిచ్చాను, చెప్పాను కూడా. వాళ్ళు ఆశ్చర్యపోయారు, తర్వాత పోనీలే ఎప్పటి మాటో అన్నారు. వినాల్సిన మనిషి తప్ప అందరూ విన్నారు.

ఈ కాలంలో ఏది కొన్నా గ్యారంటీ కార్డు వస్తుంది, దాని మీద మనిషి పేరుండదు. పాడైతే ఇంకోటి పంపిస్తారు, ఎవరూ సిగ్గుపడరు. ఆ బెల్టు ఇచ్చేముందు ఒక చుక్క పెడదామని రంగు సీసా, అగ్గిపుల్ల తెచ్చుకుని కూర్చున్నాను. ఈ మూడు నెలలకి ఏ రంగో నాకు తెలియదు. టీకొట్టు దగ్గర నాన్నకి చెప్పేవాళ్ళెవరూ ఇప్పుడు కనబడరు. తెలిసినా, చుక్క అంటే సంతకం కదా, ఆ బెల్టు మీద సంతకం పెట్టే మొహం నాకుందా? మూత పెట్టేసి పిల్లకి ఇచ్చేశాను. నాన్న చివరి చుక్క ఆకుపచ్చది, కొంచెం సాగింది. దాని పక్కన నాలుగు వేళ్ళ జాగా ఇంకా ఖాళీగానే ఉంది.